కన్సల్టెంట్‌ని తర్వాత వెతకొచ్చు, ముందు ఎవరితో పోల్చుకోవాలో తేల్చుకోండి

ప్రశ్న: అన్నయ్య గారూ, నమస్తే. విశాఖలో ఇళ్లకు, హోటళ్లకు, ఫ్యాక్టరీలకు పైపుల ద్వారా గ్యాస్ ఇచ్చే కంపెనీలో ప్లానింగ్ డిప్యూటీ మేనేజర్‌గా చేస్తున్నాను. మా జీఎం గారు బోర్డు మీటింగ్ నుంచి వచ్చి, "దేశంలో టాప్ కంపెనీలతో, వీలైతే విదేశాల వాళ్లతో కూడా మనల్ని పోల్చి ఎక్కడున్నామో చెప్పే కన్సల్టెంట్‌ని పెట్టండి, మూడు నెలల్లో రిపోర్టు కావాలి" అన్నారు. ముగ్గురు వచ్చి ప్రజెంటేషన్ ఇచ్చి రేట్లు కూడా చెప్పి వెళ్లారు. గుర్‌గ్రామ్‌లోని పెద్ద పేరున్న సంస్థ 40 లక్షలు అడుగుతోంది. గుజరాత్‌లో గ్యాస్ కంపెనీల్లో చేసి రిటైరైన ముగ్గురు ఇంజినీర్లు పెట్టుకున్న చిన్న సంస్థ 28 లక్షలంటోంది. మూడోది విదేశీ సంస్థ, ఏడాదికింత అని డాలర్లలో చందా కడితే వాళ్ల డేటాబేస్ చూడనిస్తారట. ఫైనాన్స్ వాళ్లు తక్కువ రేటుకే ఇవ్వాలంటున్నారు, జీఎం గారి మనసు పెద్ద పేరు మీదుంది, ఫైల్ మీద మొదటి సంతకం మాత్రం నాది. రేపు రిపోర్టు తేడా కొడితే నన్నే అడుగుతారని టెన్షన్. ఎవరిని తీసుకోమంటారు?
— పేరు వద్దు, మర్రిపాలెం

జవాబు: అమ్మా, ముగ్గురిలో ఎవరన్నదానికి జవాబు చెప్తాను, దాటవేయను. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివినా అందులో ఒక సంగతి కనబడలేదు. ఈ రిపోర్టు వచ్చాక మీ కంపెనీలో ఏం మారుతుంది? జీఎం గారు దాన్ని చూసి ఏ నిర్ణయం తీసుకుంటారు? "ఎక్కడున్నామో తెలియాలి" అంటే సరిపోదు. ఎక్కడున్నామో తెలుసుకుని ఊరుకోవడానికి ఎవరూ 40 లక్షలు పెట్టరు, పెడితే ఆడిట్ ఊరుకోదు.

మీలాంటి కంపెనీలో అడగదగ్గ ప్రశ్నలు చాలా ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో రకం మనిషి కావాలి. పైపు వేసే కాంట్రాక్టర్‌కి మీటరుకు మనం ఎక్కువ ఇస్తున్నామా అన్నది ఒక ప్రశ్న, దానికి టెండర్ రేట్లు తెలిసిన ఫీల్డ్ ఇంజినీర్ కావాలి. నిర్వహణ ఖర్చు కనెక్షన్‌కి ఎంత పడుతోంది అన్నది ఇంకోటి, అది కాస్ట్ అకౌంటెంట్ పని. కొన్న గ్యాస్‌కీ అమ్మిన గ్యాస్‌కీ తేడా ఎందుకొస్తోంది అంటే మీటరింగ్ తెలిసినవాడు కావాలి. ఇళ్లలో పైపు బిగించి మీటర్ పెట్టినా జనం సిలిండర్ వదలట్లేదేమిటి అంటే ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో తలుపులు తట్టి మాట్లాడే సర్వే మనుషులు కావాలి, దానికి బెంచ్‌మార్కింగ్ (ఇతర కంపెనీలతో పోల్చి చూడడం) అసలు అక్కర్లేదు. ఇవన్నీ కలిపి ఒకే స్కోప్‌లో (చేయాల్సిన పని పరిధిలో) రాసేస్తే, రెండొందల స్లైడ్ల పీపీటీ వస్తుంది, అందులో ప్రతిదాని మీదా కొంచెం కొంచెం ఉంటుంది, దేని మీదా పని చేయడానికి సరిపడా ఉండదు. అందుకని ముందు జీఎం గారి దగ్గర కూర్చుని ఒక్క పేజీ రాయించండి: ఈ రెండు ప్రశ్నలకు జవాబు కావాలి, జవాబు ఇలా వస్తే ఇది చేస్తాం, అలా వస్తే అది చేస్తాం అని. ఆయన రాయలేకపోతే ఇంకా కన్సల్టెంట్‌ని పిలిచే టైం రాలేదన్నమాట.

ఇక అసలు విషయం. బెంచ్‌మార్కింగ్‌లో ఎవరితో పోలుస్తున్నాం అన్నది ఎవడి చేతిలో ఉంటే ఫలితం కూడా దాదాపు వాడి చేతిలోనే ఉంటుంది. మీరు బాగా చేస్తున్నారని చూపించాలంటే ఒక జట్టుతో పోలుస్తారు, ఘోరంగా ఉన్నారని చూపించి రెండో విడత పని కూడా పట్టాలంటే ఇంకో జట్టుతో పోలుస్తారు, రెండూ అబద్ధం కావు, రెండిటికీ ఎక్సెల్ షీట్లు ఉంటాయి. కాబట్టి పోల్చే కంపెనీల జాబితా మీరు రాసివ్వాలి, కనీసం ఏ లక్షణాలున్న కంపెనీలు కావాలో రాసివ్వాలి. దీన్ని "కన్సల్టెంట్ సూచించును" అని వదిలేసిన ఆర్‌ఎఫ్‌పీలు (ప్రతిపాదనలు కోరే ప్రకటనలు) చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

"టాప్ కంపెనీలు" అనగానే అందరూ ఢిల్లీ ఇంద్రప్రస్థ గ్యాస్, ముంబై మహానగర్ గ్యాస్, గుజరాత్ గ్యాస్ అంటారు. షేర్ మార్కెట్‌లో ఉన్నాయి కాబట్టి వాటి లెక్కలు మూడు నెలలకోసారి బయటికి వస్తాయి, కన్సల్టెంట్‌కి సులువు, పోలిక వాటితోనే ఎక్కువగా జరగడానికి ఇదే ప్రధాన కారణం అని నా అనుమానం. మహానగర్ గ్యాస్ 1995లో, ఇంద్రప్రస్థ 1998లో పుట్టాయి. ఢిల్లీలో బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చమని 1998లో సుప్రీంకోర్టు ఆదేశమిచ్చింది, అంటే అక్కడ గిరాకీని కోర్టే తెచ్చిపెట్టింది. ముంబైలో ఒక్క రైజర్ (నిలువు గొట్టం) పైకెక్కిస్తే ఇరవై అంతస్తుల ఇళ్లు దొరుకుతాయి. మనది భీమిలి నుంచి గాజువాక దాటి అనకాపల్లి వైపు సాగదీసినట్టుండే ఊరు, ఒక పక్క సముద్రం, మధ్యమధ్యలో కొండలు, తవ్వితే ఎక్కడ రాయి తగులుతుందో తెలియదు, తవ్విన రోడ్డు పూడ్చడానికి జీవీఎంసీకి కట్టేది వేరే. బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో ఉప్పుగాలికి జీఐ పైపు, క్లాంపులు తుప్పు పట్టే వేగం ఢిల్లీ ఇంజినీర్‌కి చెప్పినా నమ్మడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరిని ఊడ్చేసినప్పుడు ఏమైందో మీరూ చూసే ఉంటారు, అలాంటిదానికి సిద్ధంగా ఉండటానికి అయ్యే ఖర్చు కూడా మీ పుస్తకాల్లో ఉంటుంది, ఢిల్లీ పక్క గ్యాస్ కంపెనీ పుస్తకాల్లో ఉండదు.

అందుకని వయసు చూడండి. గ్యాస్ నియంత్రణ సంస్థ పీఎన్‌జీఆర్‌బీ ఏరియాల వారీగా పెట్టే వేలం రౌండ్లలో మీతోపాటే, లేదా ఒకట్రెండేళ్లు అటూ ఇటుగా అనుమతి తెచ్చుకున్న ఏరియాలు చూడండి. దేశంలో ఇప్పుడు 300కు పైగా ఏరియాలున్నాయి, వెతికితే మీలాంటివి దొరక్కపోవు. తీరప్రాంతమా, నేల ఎలాంటిది, ఇళ్ల వాటా ఎంత ఫ్యాక్టరీల వాటా ఎంత, ఇవి చూసి మంగళూరు, కొచ్చి, కటక్, మన కాకినాడ లాంటి చోట్లని పరిశీలించండి. వాటి డేటా ఢిల్లీ ముంబైలంత సులువుగా దొరకదు, నిజమే. దాన్ని తెచ్చే కష్టానికేగా డబ్బులిస్తున్నది.

కనెక్షన్ అనే మాటనే తీసుకోండి. ఒక కంపెనీలో రిజిస్ట్రేషన్ డబ్బు కట్టినవాడు కనెక్షన్, ఇంకో కంపెనీలో పైపు, మీటర్ పెడితే కనెక్షన్, మరోచోట పొయ్యి వెలిగి బిల్లు వస్తేనే కనెక్షన్. వేలంలో ఒప్పుకున్న కనీస పని లక్ష్యాలు అందుకోవాలన్న హడావుడిలో మీటర్లు పెట్టి గ్యాస్ వదలకుండా ఉన్న ఇళ్లు దేశమంతటా ఉన్నాయి. ఈ మూడు కంపెనీల ఖర్చునీ "కనెక్షన్‌కి ఇంత" అని భాగిస్తే పొయ్యి వెలిగిన ఇళ్లే లెక్కేసుకున్న నిజాయితీపరుడు అందరికంటే ఖరీదైనవాడిగా తేలతాడు. ఇంచ్-కిలోమీటర్ల సంగతీ అంతే. 12 అంగుళాల స్టీల్ పైపు 10 కిలోమీటర్లు వేస్తే 120 ఇంచ్-కిలోమీటర్లు, అది బిడ్డింగ్ లెక్కకు బాగానే ఉంటుంది, కానీ కాలనీల్లో తిరిగే ఎండీపీఈ (ప్లాస్టిక్) పైపు అందులోకి రాదు, మీ మనుషులు రోజంతా తిరిగేది మాత్రం ఆ పైపు వెంటే. అందుకే కన్సల్టెంట్ మొదట అప్పజెప్పాల్సిందిగా నిర్వచనాల పుస్తకం అడగండి, ఇరవై పేజీలైనా పర్లేదు, అది మీరు ఒప్పుకున్నాకే తర్వాతి పని.

విదేశాలతో పోలిక అన్నారు. దూరపు కొండలు నునుపు. బ్రిటన్‌లో ఇళ్లకు పైపులు నడిపే కంపెనీ వేరు, గ్యాస్ అమ్మి బిల్లు వేసే కంపెనీ వేరు. మీరు పైపు వేస్తారు, గ్యాస్ కొంటారు, అమ్ముతారు, బిల్లు వేస్తారు, సీఎన్‌జీ బంకులూ నడుపుతారు. మీ కంపెనీ మొత్తం ఖర్చుని వాళ్ల పైపుల కంపెనీ ఖర్చు పక్కన పెడితే ఏం తెలుస్తుంది? అమెరికాలో చలికాలం ఇల్లంతా వెచ్చబెట్టుకోవడానికి గ్యాస్ కాలుస్తారు, మన ఇంట్లో కాలేది అన్నం, కూర, కాఫీలకు, నెలకు పది పదిహేను ఎస్‌సీఎం (ప్రామాణిక ఘనపు మీటర్లు) దాటడం గగనం. ఒక్కో ఎస్‌సీఎంకి నిర్వహణ ఖర్చు అని భాగించి చూస్తే మన దేశంలో ప్రతి కంపెనీ దండగమారిదిగానే కనిపిస్తుంది. తేడా పనితనంలో లేదు, ఎముకలు కొరికే చలిలో ఉంది.

అలాగని వాళ్ల దగ్గర నేర్చుకునేది లేదనను. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఎనిమిది గ్యాస్ నెట్‌వర్క్‌ల ఖర్చుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎవరికి ఎంత ఖర్చు అనుమతించాలో తేలుస్తుంది, 2013లో మొదలైన రీయో పద్ధతిలో ఇది పెద్ద భాగం. వాళ్లు నేరుగా పోల్చరు, లండన్‌లో కూలి ఎక్కువ కాబట్టి దానికొక సర్దుబాటు, జనం పలచగా ఉండే చోటుకి ఇంకో సర్దుబాటు చేసి అప్పుడు పోలుస్తారు. అంత చేసినా కంపెనీలు ఒప్పుకోవు, 2021లో ఆఫ్‌జెమ్ నిర్ణయాల మీద అక్కడి పోటీ నియంత్రణ సంస్థ దాకా అప్పీలుకు వెళ్లాయి. మీరు నేర్చుకోవాల్సింది ఆ సర్దుబాట్ల పద్ధతి. మీ రిపోర్టులో కూడా రాతి నేల, రోడ్డు పునరుద్ధరణ ఛార్జీలు, తుప్పు, తుపాను, వీటికి ఎంతెంత తీసేశారో విడిగా కనబడాలి, కలిపేస్తే ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేరు.

ఒక చిన్న లెక్క చెప్తాను, ఇది మీ దగ్గరకొచ్చిన ముగ్గురినీ అడిగి చూడండి. మనం ఎస్‌సీఎం అనేది 15 డిగ్రీలు, 1.01325 బార్ దగ్గర ఒక ఘనపు మీటరు. ఇంటి మీటర్‌కి ఈ సంగతి తెలియదు, దానిలోంచి ఎంత వెళ్తే అంత తిరుగుతుంది. మీటర్ దగ్గర గ్యాస్ 35 డిగ్రీలు, ఒత్తిడి బయటి గాలి కంటే 21 మిల్లీబార్ ఎక్కువ అనుకుంటే, మీటర్ 100 చూపించినప్పుడు వెళ్లింది నిజానికి 95.5 ఎస్‌సీఎం దగ్గర్లో ఉంటుంది. సర్దుబాటు చేయకుండా 100కే బిల్లు వేస్తే, కాగితం మీద మీరు అమ్మింది ఎక్కువగా, నష్టం (కొన్న గ్యాస్‌కీ అమ్మిన గ్యాస్‌కీ తేడా) తక్కువగా కనబడుతుంది, ఒక్కోసారి నష్టం మైనస్‌లోకి కూడా పోతుంది, దాన్ని చూసి ఎవడో చప్పట్లు కొడతాడు. బ్రిటన్‌లో చల్లగా ఉంటుంది కాబట్టి అదే ఇంటి మీటర్ రీడింగ్‌ని 1.02264తో గుణిస్తారు, వాళ్ల బిల్లుల మీదే ఆ అంకె ఉంటుంది. అంటే వాళ్లు పైకి, మనం కిందికి, రెంటికీ మధ్య దాదాపు ఏడు శాతం తేడా. ఫ్యాక్టరీల మీటర్లకు ఈ సర్దుబాటు దానంతటదే చేసే కరెక్టర్ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ గొడవ ఉండదు, అందుకని పరవాడ, అచ్యుతాపురం వైపు ఎక్కువ అమ్మే కంపెనీకి, ఇళ్లకే ఎక్కువ అమ్మే కంపెనీకి నష్టం శాతం ఒకే గాటన కట్టలేం. "మీరు యూఎఫ్‌జీని, అంటే లెక్క తేలని గ్యాస్‌ని, పోల్చేటప్పుడు ఉష్ణోగ్రత ఎలా సర్దుతారు?" అని అడగండి. ప్రజెంటేషన్ ఇచ్చిన పార్ట్‌నర్ పక్కనున్న కుర్రాడి వైపు చూస్తే మీకు అర్థమైపోతుంది.

ఇంకో ప్రశ్న కూడా దగ్గర పెట్టుకోండి. డీఈఏ, స్టోకాస్టిక్ ఫ్రాంటియర్ అని పెద్ద పేర్లు వాడతారు, రెండూ కంపెనీల సామర్థ్యాన్ని కొలిచి పోల్చే మంచి పద్ధతులే, 1970ల చివరి నుంచి వాడుకలో ఉన్నవే. కానీ పది పన్నెండు కంపెనీల డేటా మీద ఆరేడు అంశాలు పెట్టి డీఈఏ నడిపితే సగం మంది నూటికి నూరు సమర్థులుగా తేలతారు, అది ఆ లెక్క స్వభావం. "మీ శాంపిల్‌లో ఎన్ని కంపెనీలు, ఎన్నేళ్లవి, ఒక కంపెనీని తీసేస్తే మా ర్యాంకు ఎంత మారుతుంది?" అని అడిగి, ఆ తీసేసి చూసిన ఫలితాలు రిపోర్టులో ఉండాలని రాయండి. ర్యాంకు మూడు నుంచి తొమ్మిదికి దూకుతుంటే ఆ ర్యాంకుని బోర్డుకి చూపించకండి.

గ్యాస్ కొనుగోలు ధరని ఈ పోలికలో కలపనివ్వద్దు. 2023 ఏప్రిల్‌లో ఏపీఎం గ్యాస్ (ప్రభుత్వం ధర నిర్ణయించే దేశీయ గ్యాస్) ధరని ముడి చమురు ధరలో పది శాతానికి కట్టి కింద 4, పైన 6.5 డాలర్ల హద్దు పెట్టారు. ఆ చవక గ్యాస్ ఎవరికెంత వస్తుందో కేంద్రం కేటాయింపుల మీద ఆధారపడుతుంది, 2024 చివర్లో సీఎన్‌జీకి ఇచ్చే వాటా కోసేశారు కూడా. దాంట్లో మీ జీఎం గారి గొప్పా లేదు, మీ తప్పూ లేదు.

ఇప్పుడు ఆ ముగ్గురు. పెద్ద సంస్థ గురించి నాకున్న భయం ఒక్కటే, వచ్చి మాట్లాడినవాళ్లు పని చేయరు. సంతకాలయ్యాక ఎంబీఏ అయి ఏడాది నిండని పిల్లలు ఇద్దరు వచ్చి సిరిపురంలో హోటల్‌లో దిగి, మీ డేటా మీ దగ్గరే తీసుకుని, రంగులేసి మీకే ఇస్తారు. పిల్లల తప్పేం లేదు, తెలివైనవాళ్లే, కానీ వాళ్లకి డీఆర్‌ఎస్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే స్టేషన్) ఎలా ఉంటుందో మీరే చూపించాలి. తీసుకుంటే గనక టీమ్ పేర్లు ఒప్పందంలో రాయించండి, ఒక్కొక్కరు ఎన్ని రోజులు విశాఖలో ఉంటారో రాయించండి, మీ అనుమతి లేకుండా మనిషిని మారిస్తే కోత అని రాయించండి. అప్పుడు 40 లక్షలకు ఒప్పుకుంటారో లేదో చూద్దాం.

రిటైరైన ఇంజినీర్లకు పని తెలుసు, కాంట్రాక్టర్ ఎక్కడ బొక్క పెడతాడో తెలుసు. గణాంకాల్లో మాత్రం బలహీనంగా ఉండొచ్చు, అది మీరే పరీక్షించుకోవాలి. ఇంకోటి, "మా దగ్గర పాత కంపెనీ లెక్కలన్నీ ఉన్నాయి మేడమ్, చూపిస్తాం" అని గనక అన్నారో, అక్కడే ఆపేయండి. ఇవాళ వాళ్లవి మీకు చూపించినవాడు రేపు మీవి ఇంకొకరికి చూపిస్తాడు.

విదేశీ చందా ఈ పనికి వద్దు. గ్యాస్ వాసన వస్తోందని ఫోన్ వస్తే ఎన్ని నిమిషాల్లో చేరుతున్నారు, రోడ్డు తవ్వేవాళ్లు పైపు కొట్టేయకుండా ఏం చేస్తున్నారు లాంటి పద్ధతులు నేర్చుకోవడానికి ఎప్పుడైనా పనికొస్తుంది. ఖర్చుల పోలికకు కాదు. పైగా డాలర్లలో కడితే దాని మీద పన్ను కోత, రివర్స్ ఛార్జ్‌లో మీరే కట్టాల్సిన 18 శాతం జీఎస్‌టీ, ఫైనాన్స్ వాళ్లు ఇవి కలిపి చూపించారా?

నన్నడిగితే ఇంజినీర్ల సంస్థ వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద: గణాంకాలు బాగా తెలిసిన మనిషిని జట్టులో చేర్చుకోవాలి. అది కుదరకపోతే ఆ భాగం విడిగా ఇవ్వండి. మన ఊళ్లోనే పెట్రోలియం, ఎనర్జీ చదువుల కోసమే పెట్టిన ఐఐపీఈ ఉంది, ఐఐఎం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. అక్కడి అధ్యాపకులు ఇలాంటి పని కన్సల్టెన్సీగా చేస్తారు, మీ డేటా ఊరు దాటి పోదు, సందేహమొస్తే ఆటో ఎక్కి వెళ్లి అడగొచ్చు. అందరి కళ్లూ గుర్‌గ్రామ్ వైపే ఎందుకు పోతాయో నాకైతే అర్థం కాదు.

కానీ నా మొగ్గు చూసి ఫైల్ నడపకండి. మీ ఫైనాన్స్ వాళ్లు అంటున్న ఎల్‌1 (అతి తక్కువ ధరకే ఇవ్వడం) ఇలాంటి మేధో పనికి తగిన దారి కాదు, ప్రభుత్వ రంగంలో కూడా కన్సల్టెన్సీకి నాణ్యత, ధర రెండూ కలిపి మార్కులేసే క్యూసీబీఎస్ పద్ధతిని 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ఒప్పుకుంటాయి. అయితే ఆ మార్కుల వాటాలోనే అంతా ఉంది. పెద్ద సంస్థకు టెక్నికల్‌లో 85, చిన్నదానికి 70 వచ్చాయనుకోండి. ధర మార్కు అంటే అతి తక్కువ ధరని వాళ్ల ధరతో భాగించి నూటితో గుణించడం, కాబట్టి 28 లక్షల వాళ్లకి 100, 40 లక్షల వాళ్లకి 70. నాణ్యతకు 70, ధరకు 30 వాటా ఇస్తే పెద్దదానికి 80.5, చిన్నదానికి 79, పెద్దది గెలిచింది. వాటాని 60, 40 చేస్తే పెద్దదానికి 79, చిన్నదానికి 82, చిన్నది గెలిచింది. బిడ్లు అవే, మనుషులూ వాళ్లే.

మీ చిక్కు ఏంటంటే ధరలు మీకు ముందే తెలిసిపోయాయి. ఇప్పుడు మీరు ఏ వాటా పెట్టినా, ఎవరికో పని ఇవ్వడానికే పెట్టారని రేపు ఆడిట్‌వాడు రాస్తాడు, వాడి మాట కొట్టిపారేయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అందుకని ఆ మూడు ప్రజెంటేషన్లని మార్కెట్‌లో ఏం దొరుకుతుందో తెలుసుకోవడానికి జరిపిన సమావేశాలుగా ఫైల్‌లో రాసి అక్కడితో ముగించేయండి. తర్వాత కొత్త స్కోప్‌తో, ప్రశ్నలతో, మార్కుల పట్టికతో, వాటాలతో సహా ఆర్‌ఎఫ్‌పీ బయటపెట్టి, కనీసం ఇంకో ఇద్దరు ముగ్గురికైనా అవకాశం ఇవ్వండి. టెక్నికల్ మార్కుల్లో ఎక్కువ భాగం పనిచేసే మనుషులకీ పద్ధతికీ ఇవ్వండి, కంపెనీ టర్నోవర్‌కి కాదు. టర్నోవర్ 100 కోట్లు ఉండాలని అర్హత పెట్టారంటే ఇంజినీర్ల సంస్థ, యూనివర్సిటీ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి, తెలియకుండానే పెద్ద పేరుకి పని రాసిచ్చినట్టవుతుంది. ఆ అర్హత ఎవరు ఇరికించబోయినా ఎందుకని రాతపూర్వకంగా అడగండి.

ఒప్పందంలో ఫార్ములాలు తెరిచి ఉన్న మోడల్ మీకు ఇవ్వాలని రాయించండి, పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే వచ్చే ఏడాది మళ్లీ వాళ్లనే పిలవాలి. చివరి 20, 25 శాతం డబ్బు, మీ సొంత మనుషులు ఆ మోడల్‌ని వాళ్ల సాయం లేకుండా ఒకసారి నడిపి అదే జవాబు తెచ్చాకే ఇవ్వండి. "ఆదా చేసి చూపిస్తే అందులో ఇంత శాతం" అనే ఫీజుకి ఒప్పుకోకండి, ఆదా కనబడేదాకా కోస్తూనే ఉంటారు. మీకు బిల్లింగ్ సాఫ్ట్‌వేరో జీఐఎస్సో (పైపుల డిజిటల్ మ్యాపు) అమ్మే గ్రూపుకి చెందినవాళ్లయితే ముందే చెప్పాలని రాయండి, లేకపోతే రిపోర్టు చివరి అధ్యాయం ఏమిటో ఇప్పుడే చెప్పగలను. ఫ్యాక్టరీలకు మీరిచ్చే రేట్లు, డిస్కౌంట్లు వేరే కంపెనీలకు కనబడే రూపంలో ఇవ్వకండి, పోటీదారుల మధ్య ధరల సమాచారం మూడో మనిషి ద్వారా తిరిగినా 2002 పోటీ చట్టం కింద చిక్కే, 2023 సవరణ తర్వాత మధ్యలో ఉన్నవాడు కూడా దొరుకుతాడు. వినియోగదారుల పేర్లు, ఫోన్ నంబర్లు అసలు ఇవ్వనే వద్దు.

ఖర్చు పోలిక మొదలయ్యాక ఒక చోట మాత్రం మీరు గట్టిగా నిలబడాలి. పైపు వెంట గస్తీ తిరిగే మనుషులు, లీకేజీ సర్వేలు, అర్ధరాత్రి ఫోన్‌కి పరిగెత్తే ఎమర్జెన్సీ వ్యాన్లు, ఇవన్నీ నిర్వహణ ఖర్చులోనే ఉంటాయి, సగటు కంటే ఎక్కువ కనబడితే "ఇక్కడ తగ్గించవచ్చు" అని బాణం గుర్తు వేస్తారు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ ట్రంక్ పైప్‌లైన్ పేలి ఊరు కాలిపోయిన సంగతి గోదావరి జిల్లాలవాళ్లెవరూ మర్చిపోలేదు. 2020 మే 7న మన ఆర్ఆర్ వెంకటాపురంలో లీకైంది స్టైరీన్, అది వేరే రసాయనం, వేరే ఫ్యాక్టరీ, కానీ ఆ తెల్లవారుజాము తర్వాత గోపాలపట్నంలో గ్యాస్ అనే మాటకే జనం ఉలిక్కిపడతారు, మీ మార్కెటింగ్ వాళ్లని అడగండి చెప్తారు. కాబట్టి భద్రత ఖర్చుని విడదీసి, దాని పక్కన స్పందన సమయం, జేసీబీలు పైపు కొట్టిన సంఘటనలు, దొరికిన లీకులు పెట్టి చూపించాలని స్కోప్‌లోనే రాయండి. ఖర్చు తక్కువ, స్పందన ఆలస్యం ఉన్న కంపెనీని ఆదర్శమని చూపిస్తే ఆ పేజీ వెనక్కి పంపించండి.

మూడు నెలల గడువు గురించి జీఎం గారితో నిజం మాట్లాడండి. ఆర్‌ఎఫ్‌పీ, బిడ్లు, మార్కులకే రెండు నెలలు పోతాయి. ఈలోగా ఎలాగూ మీ ఇంటి పని ఉంది: గత మూడేళ్ల నిర్వహణ ఖర్చుని ఇళ్లు, ఫ్యాక్టరీలు, సీఎన్‌జీ బంకులు అని విడదీయడం, పైపుల పొడవుని జీఐఎస్‌లో ఉన్నదానికీ అకౌంట్స్‌లో ఉన్నదానికీ సరిచూడడం (రెండూ కలవవు, చూసుకోండి), మీటర్ ఉన్న ఇళ్లెన్ని, పొయ్యి వెలిగిన ఇళ్లెన్ని అని తేల్చడం. దీన్ని కన్సల్టెంట్‌కి వదిలేస్తే ఆయన ఫీజులో సగం దీనికే పోతుంది. బోర్డుకి మూడు నెలల్లో ఏదో ఒకటి చూపించాల్సిందే అంటే ఈ శుభ్రం చేసిన లెక్కలే చూపించమనండి, అవి ఇప్పటిదాకా బోర్డు చూసి ఉండదు.

సంతకం సంగతి. జీఎం గారు నోటితో చెప్పినవి అదే రోజు సాయంత్రం ఒక మెయిల్‌గా ఆయనకే పంపండి, "మీరు చెప్పిన ప్రకారం ఈ రెండు ప్రశ్నలకు స్కోప్ తయారుచేస్తున్నాను" అని మర్యాదగా, రెండు లైన్లు. మార్కులేసే కమిటీలో ఫైనాన్స్ నుంచి ఒకరు, ఆపరేషన్స్ నుంచి ఒకరు ఉండేలా చూడండి, ఎవరి మార్కుల పక్కన వాళ్ల కారణం, వాళ్ల సంతకం ఉండాలి. ఈలోగా గుర్‌గ్రామ్ నుంచి "అప్‌డేట్ ఏంటి మేడమ్" అని ఫోన్లొస్తే, ఆర్‌ఎఫ్‌పీ వెబ్‌సైట్‌లో పెడతాం చూసుకోండని చెప్పి పెట్టేయండి.